గర్భంతో ఉన్నప్పుడు తెల్లబట్ట ఎక్కువైతే స్వాబ్ పరీక్ష చేయించుకోవాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మొదటి కాన్పు, ఐదో నెల నడుస్తోంది. తెల్లబట్ట ముందుకంటే ఎక్కువగా అవుతోంది కానీ దురద, మంట, చెడు వాసన లేవు. మీ డాక్టరు రక్తం, మూత్రం పరీక్షలు, స్కానింగ్ రాశారు గానీ యోని స్రావం పరీక్ష రాయలేదు. డాలస్‌లో ఉన్న మీ అక్కకు మాత్రం కాన్పుకు ముందు స్వాబ్, అంటే దూదిపుల్లతో లోపలి స్రావం, తీశారు. లోపల ఇన్ఫెక్షన్ ఉంటే నెలలు నిండకుండా కాన్పు అవుతుందని ఎక్కడో చదివి భయపడ్డారు. డాక్టరు రాయకపోయినా మీరే ల్యాబ్‌కు వెళ్లి, స్రావంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ చేయించుకుంటే మంచిదా అని అడిగారు.

అవసరం లేదమ్మా. చేయించుకోకండి. లక్షణాలేమీ లేని, ఇంతకుముందు నెలలు నిండని కాన్పు కాని గర్భిణికి యోని ఇన్ఫెక్షన్ల కోసం వెతికి వైద్యం చేస్తే బిడ్డకు మేలు జరుగుతుందని పెద్ద పరిశోధనల్లో తేలలేదు. స్వాబ్ రాయకపోవడం మీ డాక్టరు మరిచిపోయి కాదు. మీ అక్కకు చేసింది వేరే పరీక్ష, దాని ఉద్దేశమూ వేరు. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

అయితే నా జవాబుకు రెండు షరతులున్నాయి. వాసన, దురద, మంట, రంగు మారడం, రక్తపు చారిక, వీటిలో ఏది కనిపించినా అది స్క్రీనింగ్, అంటే బాధ లేనివాళ్లలో జబ్బును వెతకడం, కాదు, జబ్బు కోసం చేసే పరీక్ష అవుతుంది. అప్పుడు తప్పకుండా చూపించుకోవాలి. రెండోది, మీకు వర్తించదు గానీ ఇది చదివే మరికొందరికి వర్తిస్తుంది. ముందు కాన్పు ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో అయినవాళ్ల విషయం వేరు.

నేను ప్రసూతి వైద్యురాలిని. ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆ తర్వాత నా సొంత క్లినిక్‌లో కాన్పులు చూస్తూ వచ్చాను. తెల్లబట్ట గురించి అడగని గర్భిణి నాకు అరుదుగా కనిపిస్తుంది. అడిగేటప్పుడు గొంతు తగ్గించి, పక్కన అత్తగారు ఉంటే ఆవిడ బయటికి వెళ్లేదాకా ఆగి అడుగుతారు. అందుకే ఇక్కడ దాపరికం లేకుండా, కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా, మీకు తెల్లబట్ట ఎందుకు పెరిగిందో చెబుతాను. గర్భం వచ్చాక ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. యోని లోపలి పొరలో గ్లైకోజెన్ అనే పిండి పదార్థం నిల్వ అవుతుంది. అక్కడ సహజంగా ఉండే లాక్టోబాసిల్లై అనే మేలు చేసే బ్యాక్టీరియా దాని మీద బతుకుతూ లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తుంది. దానివల్ల యోనిలో ఆమ్లత్వం 3.8 నుంచి 4.5 పీహెచ్ మధ్య నిలబడి, చెడు చేసే సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది. గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే జిగురు కూడా ఈ నెలల్లో ఎక్కువ. ఇవన్నీ కలిసి బయటికి వచ్చేదే మీరు చూస్తున్న తెల్లబట్ట. తెల్లగానో పాలరంగులోనో, పలచగా, ఘాటైన వాసన లేకుండా ఉంటే అది మీ శరీరం చేసుకుంటున్న కాపలా. తెల్లబట్ట అయితే ఎముకలు అరిగిపోతాయని, నడుము గుల్లవుతుందని పెద్దవాళ్లు అంటారు. అందులో నిజం లేదు. ఐదో నెలలో నడుము నొప్పి వచ్చేది కడుపు బరువు వల్ల, కీళ్లు వదులు కావడం వల్ల.

ఇక మీరు చదివిన విషయం. యోని ఇన్ఫెక్షన్‌కూ, నెలలు నిండని కాన్పుకూ సంబంధం ఉందన్న మాట అబద్ధం కాదు. బ్యాక్టీరియల్ వజైనోసిస్ అనే స్థితిలో లాక్టోబాసిల్లై తగ్గిపోయి, గార్డ్‌నెరెల్లా వంటి ఇతర బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇది ఉన్న గర్భిణుల్లో నెలలు నిండని కాన్పులు ఎక్కువని ఎన్నో పరిశీలనల్లో కనిపించింది. దాంతో ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే. ముందుగా కనిపెట్టి మందు ఇస్తే ఆ కాన్పులు ఆగాలి కదా! వైద్యులమూ అలాగే ఆశించాం.

పరీక్షించి చూస్తే ఆ ఆశ నెరవేరలేదు. 2000లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. లక్షణాలు లేకుండా ఈ స్థితి ఉన్న 1,953 మంది గర్భిణుల్లో సగం మందికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. నెలలు నిండని కాన్పులు మందు వాడినవాళ్లలో 12.2 శాతం, వాడనివాళ్లలో 12.5 శాతం. అంటే తేడా లేనట్టే. 2018లో ఫ్రాన్స్‌లో క్లిండమైసిన్ అనే మరో యాంటీబయాటిక్‌తో ఇంకా పెద్ద ఎత్తున చేశారు. 84 వేలకు పైగా గర్భిణులకు స్వాబ్ తీసి, ఈ స్థితి ఉండి, ముప్పు తక్కువగా ఉన్న 2,869 మందిని పరీక్షకు తీసుకున్నారు. నెలలు బాగా తక్కువగా ఉండగానే అయిన కాన్పులు, ఆలస్యంగా పోయిన గర్భాలు కలిపి మందు వాడినవాళ్లలో 1.2 శాతం, వాడనివాళ్లలో 1.0 శాతం. ఈ ఆధారాలన్నీ చూసి ఏ స్క్రీనింగ్ చేయాలో సలహా ఇచ్చే నిపుణుల బృందం, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, 2020లో, ముప్పు లేని గర్భిణులకు ఈ స్క్రీనింగ్ వద్దని స్పష్టంగా చెప్పింది.

దీనికి ఎదురుగా నిలిచే అధ్యయనమూ ఒకటుంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. 2004లో వియన్నాలో నాలుగు వేలకు పైగా గర్భిణులకు నాలుగైదు నెలల్లో స్వాబ్ తీసి, దొరికిన ఇన్ఫెక్షన్లకు వైద్యం చేస్తే నెలలు నిండని కాన్పులు 5.3 నుంచి 3.0 శాతానికి తగ్గాయి. స్క్రీనింగ్ కావాలనేవాళ్లు దీన్నే చూపిస్తారు. కొట్టిపారేయదగిన పని కాదది. కానీ అక్కడ మూడు రకాల ఇన్ఫెక్షన్లను కలిపి చూశారు. ఏది తగ్గించడం వల్ల మేలు జరిగిందో విడదీయలేం. ఆ తర్వాత వచ్చిన, అంతకంటే పెద్దదైన ఫ్రాన్స్ ఫలితం దానికి తోడు రాలేదు. అందువల్ల దాన్ని ఆధారం చేసుకుని ముప్పు లేని అమ్మాయికి స్వాబ్ రాయడానికి నా మనసు ఒప్పుకోదు.

మందు ఎందుకు పనిచేయలేదు? నాకు సబబుగా తోచే కారణాలు ఇవి. యాంటీబయాటిక్ చెడు బ్యాక్టీరియాను తగ్గిస్తుంది గానీ లాక్టోబాసిల్లైని తెచ్చి నాటదు. వారం రోజుల కోర్సుతో తగ్గినట్టు కనిపించి, కొన్ని నెలల్లో చాలామందికి తిరగబెడుతుంది. మరోవైపు, ఈ స్థితి ఉన్నవాళ్లలో అత్యధికులు నెలలు నిండాకే హాయిగా కంటారు. కొద్దిమందిలో మాత్రమే అది గర్భాశయం లోపలికి పాకి వాపు కలిగిస్తుంది. ఆ కొద్దిమంది ఎవరో స్వాబ్ చెప్పలేదు. అదీకాక, ఆ వాపు మనం స్వాబ్ తీసే సమయానికే మొదలై ఉండవచ్చు.

పనిచేయకపోతే పోనీ, నష్టమైతే లేదు కదా అని మీరు అనుకోవచ్చు. నష్టం ఉండదన్న హామీ లేదు. ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి విషయంలో 2001లో వచ్చిన ఫలితం మమ్మల్ని కలవరపెట్టింది. లక్షణాలు లేకుండా అది ఉన్న గర్భిణులకు మెట్రోనిడజోల్ ఇస్తే నెలలు నిండని కాన్పులు తగ్గకపోగా పెరిగాయి. మందు వాడినవాళ్లలో 19 శాతం, వాడనివాళ్లలో 10.7 శాతం. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. అందులో ఇచ్చిన మోతాదులు మామూలుగా ఇచ్చేవాటికంటే ఎక్కువ కాబట్టి, లక్షణాలున్నవాళ్లకు వైద్యం మానేయాలని దీని అర్థం కాదు. బాధ లేనివాళ్లను వెతికి మరీ మందు పెట్టే ముందు ఆలోచించాలని అర్థం.

ఇప్పుడు మీరు చేయించుకుందామనుకున్న స్వాబ్ కల్చర్ సంగతి చెబుతాను. మన ఊళ్లలో నాకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చదవండి. ల్యాబ్‌లో దీన్ని హెచ్‌వీఎస్ (హై వజైనల్ స్వాబ్) అంటారు. స్వాబ్‌ను పళ్లెంలో పెంచి, ఏ బ్యాక్టీరియా మొలిస్తే దాని పేరు, కింద ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతుందో జాబితా అచ్చు వేసి ఇస్తారు. ఇ.కోలై, క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్ వంటి పేర్లు వస్తాయి. ఎర్ర అక్షరాల్లో ఆ పేరు చూడగానే ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. నిజానికి మలద్వారానికి అంత దగ్గరగా ఉన్న యోనిలో ఈ బ్యాక్టీరియా కొంత ఉండడం మామూలే. అక్కడ బ్యాక్టీరియా ఉండడం వేరు, అది జబ్బు చేయడం వేరు. గార్డ్‌నెరెల్లా కూడా ఆరోగ్యంగా ఉన్న ఎంతోమందిలో మొలుస్తుంది. అందుకే బ్యాక్టీరియల్ వజైనోసిస్‌ను కల్చర్‌తో నిర్ధారించకూడదు.

ఆరో నెల గర్భిణి ఒకామె నా దగ్గరికి దళసరి ఫైలుతో వచ్చింది. వేరే చోట మొదటిసారి స్వాబ్‌లో ఇ.కోలై వచ్చిందని ఇంజెక్షన్లు ఇచ్చారు. మళ్లీ స్వాబ్ తీస్తే ఎంటరోకాకస్. దానికి వేరే కోర్సు. మూడోసారి స్వాబ్‌లో క్యాండిడా, అంటే ఈస్ట్ అనే ఒక రకం ఫంగస్. అప్పటికి ఆమెకు నిజంగానే దురద మొదలైంది, ఎందుకంటే వరుస యాంటీబయాటిక్‌లతో లాక్టోబాసిల్లై తుడిచిపెట్టుకుపోయి ఈస్ట్ పెరిగింది. మొదట్లో ఏ బాధతో పరీక్షకు వెళ్లావని అడిగితే, ఏ బాధా లేదు, ప్యాకేజీలో ఉందని చేయించారని చెప్పింది. దురదకు పైపూత మందు ఇచ్చి, స్వాబ్‌లు ఆపించాను. అంతకుమించి ఆమెకు చేయవలసింది ఏమీ లేకపోయింది.

అదే ఇ.కోలై మూత్రంలో కనిపిస్తే మాత్రం నేను ఊరుకోను. గర్భిణికి మూత్రంలో మంట లేకపోయినా, శుభ్రంగా పట్టిన మూత్రం కల్చర్‌లో ఒకే రకం బ్యాక్టీరియా మిల్లీలీటరుకు లక్షకు పైగా ఉంటే మందు ఇచ్చి తీరాలి. లేకపోతే అది మూత్రపిండాలకు పాకి, చలిజ్వరంతో ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. గర్భం మొదట్లో మూత్రం కల్చర్ చేయించమని చెప్పేది ఇందుకే. మూత్రాశయం అంత బ్యాక్టీరియా ఉండాల్సిన చోటు కాదు, యోని అనేక బ్యాక్టీరియా కలిసి ఉండే చోటు. పేరు ఒకటే అయినా ఉన్న చోటును బట్టి మా నిర్ణయం మారుతుంది. మూత్రం పట్టేటప్పుడు ముందు కడుక్కుని, మొదటి ధారను వదిలేసి మధ్యలోది పట్టండి. లేదంటే తెల్లబట్ట కలిసి ఆ రిపోర్టు కూడా గందరగోళమవుతుంది.

ఇంతకుముందు నెలలు నిండకుండా ప్రసవించినవాళ్ల విషయానికి వస్తాను. వీళ్లలో లక్షణాలు లేకపోయినా బ్యాక్టీరియల్ వజైనోసిస్ కోసం చూడాలా వద్దా అన్నది ఇంకా తేలని ప్రశ్న. అవునని గట్టిగా చెప్పడానికీ, కాదని చెప్పడానికీ ఆధారాలు చాలవని ఆ 2020 నివేదికే ఒప్పుకుంది. నేను మాత్రం వీళ్లను మొదటి రాకలోనే ఒకసారి స్పెక్యులమ్ (యోనిని తెరిచి లోపల చూసే పరికరం) పెట్టి చూస్తాను, తెల్లబట్ట గురించి గుచ్చిగుచ్చి అడుగుతాను. వాసన ఉందా అంటే లేదనేవాళ్లు, భర్తతో కలిసిన తర్వాత నీచు వాసన వస్తుందా అని అడిగితే అవునంటారు. ప్రశ్న అడిగే తీరును బట్టే జవాబు దొరుకుతుంది.

ముందు బిడ్డ ఏడో నెలలో పుట్టి దక్కని ఒక తల్లి రెండోసారి నాలుగో నెలలో వచ్చినప్పుడు అలాగే తెలిసింది. పరీక్షలో బ్యాక్టీరియల్ వజైనోసిస్ ఉంది, వాసన ఉంది కాబట్టి మందు ఇచ్చాను. కానీ ఆమె విషయంలో నేను ఎక్కువ నమ్ముకున్నది ఆ మందును కాదు. ఐదో నెలలో యోని ద్వారా చేసిన స్కానింగ్‌లో గర్భాశయ ముఖద్వారం పొడవు 25 మిల్లీమీటర్ల కంటే తక్కువగా కనిపించింది. రాత్రిపూట లోపల పెట్టుకునే ప్రొజెస్టిరాన్ మాత్రలు మొదలుపెట్టి, వారం వారం చూస్తూ వచ్చాం. తొమ్మిదో నెలలో కాన్పయింది. నెలలు నిండని కాన్పు భయం నిజంగా ఉన్నవాళ్లు అడగవలసింది స్వాబ్ గురించి కాదు, ఐదో నెల స్కానింగ్‌లో సర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) పొడవు కొలిచారా అని. మీరూ మీ స్కానింగ్ రిపోర్టులో ఆ వాక్యం ఉందేమో చూసుకోండి.

లక్షణాలు వచ్చినప్పుడు ఎలా చూపించుకోవాలో కూడా చెబుతాను. మన దగ్గర అసలు లోటు అక్కడే ఉంది. తెల్లబట్ట అనగానే, బల్ల ఎక్కించి చూడకుండా, క్లిండమైసిన్, క్లోట్రిమజోల్ కలిపిన లోపల పెట్టుకునే క్యాప్సూళ్లు రాసేయడం అలవాటైపోయింది. ఏదో ఒకటి తగులుతుందిలే అన్న లెక్క. అవసరం లేనివాళ్లకు స్వాబ్‌లు, అవసరమైనవాళ్లకు పరీక్ష లేకుండా మందు! రెండూ తప్పే.

సరిగ్గా చేస్తే ఆ పరీక్షకు ఐదు నిమిషాలు కూడా పట్టదు, ఖరీదైన ల్యాబూ అక్కర్లేదు. స్పెక్యులమ్ పెట్టి, యోని పక్క గోడకు పీహెచ్ కాగితం ముక్కను ఆనిస్తాం. సర్విక్స్ జిగురుకు తగలనివ్వకూడదు, దానికి క్షారగుణం ఎక్కువ కాబట్టి లెక్క తప్పుతుంది. ముందురోజు రాత్రి భర్తతో కలిసినా, రక్తం ఉన్నా అంతే. కాగితం రంగు 4.5 దాటితే అనుమానం. తర్వాత స్రావం చుక్కను ఒక గాజు పలక మీద సెలైన్‌తో, ఇంకో పలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కలుపుతాం. రెండోదాని నుంచి గుప్పున నీచు వాసన వస్తే అది బ్యాక్టీరియల్ వజైనోసిస్ గుర్తుల్లో ఒకటి. సెలైన్ పలకను మైక్రోస్కోప్ కింద పెడితే, యోని పొర కణాల అంచులు కనిపించకుండా బ్యాక్టీరియా అతుక్కుని, అద్దం మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. పలచని ఏకరీతి స్రావం, పీహెచ్, వాసన, ఈ కణాలు, నాలుగింటిలో మూడు ఉంటే నిర్ధారణ అయినట్టే. 1983 నుంచి ఇదే పద్ధతి. గ్రామ్ స్టెయిన్ (పలకకు రంగులు వేసి బ్యాక్టీరియాను చూడడం) చేసి 10కి మార్కులు వేసే న్యూజెంట్ పద్ధతీ ఉంది. అందులో 7, అంతకంటే ఎక్కువ వస్తే ఉన్నట్టు.

ట్రైకోమొనాస్ ఉంటే అదే సెలైన్ చుక్కలో తోక ఆడిస్తూ కుదుపులతో కదిలే జీవి కనిపిస్తుంది. ఆ కదలికే గుర్తు. పలక ఆరినా, చల్లబడినా కదలిక ఆగిపోతుంది. ఉదయం తీసిన స్వాబ్ సాయంత్రం బస్సులో పట్నం ల్యాబ్‌కు చేరితే అక్కడ లేదనే రిపోర్టు వస్తుంది. పచ్చగా, నురగతో, మంటతో అవుతుంటే ఆ రిపోర్టును నమ్మకుండా అక్కడికక్కడే చూడగలిగే చోటికి వెళ్లండి. ఇది లైంగికంగా సోకేది కాబట్టి భర్తకు కూడా ఒకేసారి వైద్యం కావాలి, ఇద్దరి కోర్సు పూర్తయ్యేదాకా కలవకూడదు. భర్తకు చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు కాబట్టి, నాకెందుకు మందు అంటారు. నేను ఆయన్ని లోపలికి పిలిచి, నేరం మోపకుండా, ఇది ఎప్పటి నుంచి ఉందో ఎవరికీ తెలియదని, ఇప్పుడు బిడ్డ కోసం ఇద్దరూ వాడాలని చెబుతాను. ఆ మాట భార్య చేత చెప్పించకూడదు, డాక్టరే చెప్పాలి.

దురద విపరీతంగా ఉండి, పెరుగు తరకల్లా తెల్లగా అవుతుంటే సాధారణంగా అది క్యాండిడా. గర్భంలో ఇది మామూలుకంటే ఎక్కువ. బిడ్డకు ప్రమాదం తక్కువ, తల్లికి బాధ ఎక్కువ. క్లోట్రిమజోల్ వంటి లోపల పెట్టే మందు వారం రోజులు వాడాలి, మూడు రోజులకే దురద పోయిందని ఆపేయకూడదు. నోటి ద్వారా వేసుకునే ఫ్లూకోనజోల్ గర్భిణులకు వద్దు. గర్భస్రావాలతో దానికి సంబంధం ఉన్నట్టు 2016లో డెన్మార్క్ నుంచి వచ్చిన పెద్ద అధ్యయనం సూచించింది. ఇది ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, లైంగికంగా సోకే జబ్బులకు వైద్యం చేసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో తెల్లబట్టకు ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్‌తో పాటు ఫ్లూకోనజోల్ మాత్ర ఉంటుంది. అది గర్భం లేనివాళ్ల కోసం. గర్భిణులకు వేరే వైద్యం ఉంటుంది. కడుపు ఇంకా కనిపించని రెండో నెలలో వెళ్లేవాళ్లు తాము గర్భిణులమని నోరు తెరిచి చెప్పాలి. ఇంట్లో వదినగారికో తోడికోడలికో ఇచ్చిన కిట్ తీసుకుని మింగకూడదు. క్యాండిడా పదేపదే వస్తుంటే చక్కెర పరీక్ష ఒకసారి చూసుకోండి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగాక రెండు గంటలకు రక్తంలో చక్కెర 140 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ ఉంటే గర్భంలో వచ్చే మధుమేహం ఉన్నట్టు.

మీ అక్కకు చేసిన పరీక్ష దగ్గరికి వచ్చాం. అది దాదాపు కచ్చితంగా గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ పరీక్ష అయి ఉంటుంది. దీన్ని జీబీఎస్ అంటారు. ఈ బ్యాక్టీరియా కొందరు స్త్రీల యోనిలో, పేగు చివర ఏ ఇబ్బందీ లేకుండా ఉంటుంది. కాన్పు సమయంలో బిడ్డకు సోకితే మాత్రం మొదటి వారంలోనే రక్తంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, మెదడు పొరల వాపు రావచ్చు. అందుకే అమెరికాలో 36 వారాలు నిండినప్పటి నుంచి 37 వారాల 6 రోజుల లోపు ప్రతి గర్భిణికీ స్వాబ్ తీసి, ఉన్నవాళ్లకు నొప్పులు మొదలయ్యాక నరం ద్వారా పెన్సిలిన్ ఇస్తారు. బిడ్డ పుట్టడానికి కనీసం నాలుగు గంటల ముందు మొదలైతే మంచిది. ఐదో నెలలో కనిపెట్టి మాత్రలు మింగితే లాభం లేదు, కాన్పు నాటికి మళ్లీ వచ్చేస్తుంది. మీకు ఇప్పుడు దీని గురించి ఆలోచించే సమయమే కాలేదు.

బ్రిటన్‌లో అందరికీ ఈ స్వాబ్ తీయరు. ముప్పు గుర్తులు ఉన్నవాళ్లకు మాత్రమే కాన్పులో మందు ఇస్తారు. మన దేశంలోనూ అందరికీ చేయాలన్న జాతీయ కార్యక్రమం లేదు. కొన్ని పెద్ద ఆసుపత్రులు చేస్తాయి, మిగతాచోట్ల ముప్పును బట్టి నడుస్తుంది. నెలలు నిండకుండా నొప్పులు రావడం, ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటడం, కాన్పు నొప్పుల్లో 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, ఈ గర్భంలో మూత్రంలో జీబీఎస్ కనిపించడం, ముందు బిడ్డకు ఈ జబ్బు రావడం, ఇవే ఆ గుర్తులు. మీ ఆసుపత్రిలో వసతి ఉంటే తొమ్మిదో నెలలో చేయించుకోండి, నేను కాదనను. కానీ సరిగ్గా తీస్తేనే ప్రయోజనం. స్పెక్యులమ్ లేకుండా యోని కింది భాగం నుంచి, తర్వాత అదే స్వాబ్‌తో మలద్వారం లోపల నుంచి తీయాలి. ల్యాబ్ చీటీ మీద గర్భిణి అని, జీబీఎస్ కోసమని రాయాలి. అప్పుడే వాళ్లు దానికి తగిన ద్రవంలో ముందు పెంచి చూస్తారు. మీకు పెన్సిలిన్ పడకపోతే అదీ రాయించాలి. మామూలు హెచ్‌వీఎస్‌లో జీబీఎస్ లేదని వచ్చినంత మాత్రాన లేనట్టు కాదు. నొప్పులు రాకముందే, ఉమ్మనీరు పోకముందే నిర్ణయించుకున్న సిజేరియన్ అయితే దీనికోసం పెన్సిలిన్ అక్కర్లేదు.

అమెరికాలో 25 ఏళ్ల లోపు గర్భిణులందరికీ, ఆ పైబడిన వాళ్లలో ముప్పు ఉన్నవాళ్లకు లైంగికంగా సోకే క్లమీడియా, గనేరియా పరీక్షలూ చేస్తారు. మన దగ్గర అవి అందరికీ జరగవు. భర్తకు మూత్రంలో మంట, చీము వంటివి వచ్చి ఉంటే మొహమాటపడకుండా మీ డాక్టరుకు చెప్పండి, చేయిస్తారు.

మన దగ్గర ఎవరూ మానకూడని పరీక్షలు రక్తంతో చేసేవి. హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి. సిఫిలిస్ తల్లికి ఏ బాధా లేకుండా ఉండి, కడుపులోనే బిడ్డ ప్రాణం తీయగలదు. సకాలంలో ఇచ్చే బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో ఆ ముప్పు తప్పుతుంది. తల్లికి హెపటైటిస్ బి ఉందని ముందే తెలిస్తే పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు టీకా, దానితో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చి కాపాడుకోవచ్చు. వెతికి కనిపెడితే బిడ్డ బతుకు మారిపోతుందని తిరుగులేకుండా తేలిన స్క్రీనింగ్ ఇదే. మీ రిపోర్టుల్లో ఈ మూడూ ఉన్నాయో లేదో ఈరోజే తీసి చూడండి. లేకపోతే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణుల కోసం ప్రత్యేకంగా వైద్యులు చూసే ఏర్పాటు కూడా ఉంది.

ఇంట్లో చేసుకునేవి కొన్ని మానండి. వేపాకు నీళ్లతోనో, డెట్టాల్ కలిపిన నీళ్లతోనో లోపల కడగవద్దు. సువాసన ద్రవాలు, సబ్బు లోపలికి పోనివ్వవద్దు. అవి ముందుగా చంపేది లాక్టోబాసిల్లైనే. పెరుగు తినండి, లోపల రాయకండి. బయట మామూలు నీళ్లు చాలు. నూలు లోదుస్తులు వేసుకుని, తడిగా ఉంటే మార్చుకోండి.

చివరగా ఒక్క విషయంలో మాత్రం నిదానం పనికిరాదు. తెల్లబట్ట అనుకుంటున్నది ఉమ్మనీరు కావచ్చు. ఏడో నెలలో ఒకామె రెండు రోజులుగా తెల్లబట్ట నీళ్లలా అవుతోందని, క్యాప్సూళ్లు పెట్టుకుంటున్నా తగ్గలేదని వచ్చింది. చూస్తే ఉమ్మనీటి సంచి పగిలి కారుతోంది. తెల్లబట్టకు కాస్త జిగట ఉంటుంది. ఉమ్మనీరు నీళ్లలాగే ఉండి, ఆగమంటే ఆగదు. అనుమానం వస్తే శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని అరగంట పడుకుని లేవండి. లేవగానే బొళుక్కున కారినా, ప్యాడ్ నీళ్లతో తడిసిపోయినా లోపల ఏ మందూ పెట్టుకోకుండా, వేలితో చూసుకోకుండా, ఆ ప్యాడ్‌ను కవరులో వేసుకుని వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. అర్ధరాత్రి అయినా సరే, తెల్లారేదాకా ఆగవద్దు. ఆసుపత్రి గుమ్మంలో తెల్లబట్ట అని కాకుండా, నీళ్లు పోతున్నాయి అని చెప్పండి. అప్పుడు మిమ్మల్ని ఓపీ వరుసలో కూర్చోబెట్టరు.